పట్టుదారం, పేగుదారం

పులివెందుల బ్రాహ్మణ వీధిలో నాగరత్నమ్మకు తెలియని సంగతి ఉండేది కాదు. ఒకవేళ ఉంటే, అది తెలిసేదాకా ఆవిడకు అన్నం సహించేది కాదు. బస్సు ఆగితే డ్రైవరు దగ్గరికి పోయి వెనక నుంచి పొగ ఎందుకొస్తోందని అడుగుతుంది. గడియారాలు బాగుచేసేవాడు వీధిలోకొస్తే వాడి ఎదుట పీట వేసుకుని కూర్చుంటుంది, వాడు పాపం ఒక మర విప్పడం, ఈవిడ పది ప్రశ్నలు వేయడం. భర్త వేదవ్యాసాచార్యులు చెన్నకేశవుడి గుడిలో అర్చకుడు. పెళ్ళయిన కొత్తలో భార్య ఏది అడిగినా శాస్త్రం తిరగేసి జవాబు చెప్పేవాడు. తర్వాత్తర్వాత "ఊఁ" అనడం నేర్చుకుని సుఖపడ్డాడు.

ఇంతటి ఆరా మనిషికి, రోజూ తన చేత్తో వండే పొంగలి రుచి మాత్రం ముందుగా తెలిసేది కాదు. స్వామికి పెట్టే నైవేద్యాన్ని వండేవాళ్ళు రుచి చూడకూడదు కదా. పొద్దు పొడవకముందే తలకు నీళ్ళు పోసుకుని, మడిబట్ట కట్టుకుని, ఎవరినీ తాకకుండా, ఎవరూ తనను తాకకుండా ఇత్తడి గుండిగను పొయ్యి మీదికి ఎత్తేది. ఉప్పు చేతి అంచనాతోనే పడేది. గుడిలో హారతి అయ్యి, ప్రసాదం పంచి, తన దోసిట్లో ఇంత పడేదాకా ఆవిడకు ఒకటే ఆత్రం. శనివారం నాడు ఆ పొంగలి కోసమే వేముల నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళు. ఆ పొయ్యి తనదని, ఆ గుండిగ తనదని నాగరత్నమ్మ ఎప్పుడూ పైకి అనలేదు గానీ, ఈ లోకంలో ఆవిడకున్న గర్వమంతా ఆ రెండింటి మీదే.

ఇక బొడ్డు సంగతి. ఆఖరి కాన్పు తర్వాత ఆవిడ బొడ్డు లోపలికి పోవడం మానేసింది. మొదట రేగ్గాయంత, తర్వాత నిమ్మకాయంత, కర్నూలు రాజధాని అయిన ఏడాదికి బత్తాయంత అయింది. పడుకుంటే లోపలికి పోతుంది, లేచి నిలబడితే బయటికొస్తుంది, దగ్గితే చీర మడతల్లోంచి తొంగిచూస్తుంది. వీధిలో పెద్దవాళ్ళు చెప్పినట్టు పాత రాగి దమ్మిడీ ఒకటి బొడ్డు మీద పెట్టి, పైన గుడ్డపేలిక బిగించి కట్టుకునేది. పసిపిల్లల బొడ్డుకు పనిచేసిన దమ్మిడీ తన బొడ్డుకెందుకు పనిచేయదో ఆవిడకు అంతుపట్టలేదు. వేలితో నొక్కితే లోపల గుడగుడమని చప్పుడయ్యేది. ఆ చప్పుడు దేనిదో చూడాలని ఆవిడకు మహా కుతూహలం.

"ఏమండీ, దీన్లో ఏముంటుంది?"

"ఊఁ."

"గాలా? నీళ్ళా?"

"ఉన్నదేదో ఉండనీవే. బయటికొచ్చి నిన్నేమన్నా అడుగుతాండాదా?" అన్నాడు ఆచార్యులు.

అడిగింది. ధనుర్మాసం మొదలైన వారానికి, నిండు గుండిగను పొయ్యి మీంచి దించుతుండగా బొడ్డు బయటికి తన్నుకొచ్చి గట్టిపడిపోయింది. పడుకున్నా లోపలికి పోలేదు. కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, ఆపైన వాంతులు. ఆచార్యులు గుడి తలుపు వేయడం కూడా మరిచి డాక్టరు కోసం పరిగెత్తాడు. పులివెందుల డాక్టరు వచ్చి, కాళ్ళ కింద దిండ్లు పెట్టించి, బొడ్డు మీద తడిగుడ్డ వేసి, చాలాసేపు ఓపికగా ఒత్తగా ఒత్తగా అది గుడగుడమంటూ లోపలికి పోయింది.

"అదేంది నాయనా, ఆ చప్పుడు?" అంది నాగరత్నమ్మ, చెమటలు కారుతున్న మొహంతో.

"పేగమ్మా. పొట్ట గోడకు చిల్లు పడి, దాంట్లోంచి పేగు బయటికొస్తాంది."

"పేగా! నేను ఇన్నేండ్లూ గాలి అనుకుంటి!" అంది. అంత నొప్పిలోనూ కొత్త సంగతి తెలిసినందుకు ఆవిడ మొహం కొంచెం తేటపడింది.

డాక్టరు మాత్రం నవ్వలేదు. "ఈసారి పోయింది. ఇంకోసారి బిగుసుకుంటే పోదు. పేగు నల్లబడి కుళ్ళిపోతాది, మనిషి దక్కదు. జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రికి పోయి ఆ చిల్లు కుట్టించుకోండి. అంతవరకూ చెంబెడు నీళ్ళు గూడా ఎత్తగూడదు," అన్నాడు.

పక్కింటి రుక్మిణమ్మ నైవేద్యం వండడానికి ఒప్పుకుంది. మంచి మనిషే గానీ పొంగలి అడుగంటించకుండా వండడం ఆవిడ చేతిలో లేదు. ఆ దిగులుతోనే నాగరత్నమ్మ మూట కట్టుకుని, భర్తతో కలిసి ముద్దనూరు మీదుగా పోయే బస్సెక్కింది.

ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డును చూసే పెద్ద నర్సు సరోజమ్మ. ఇంచుమించు నాగరత్నమ్మ వయసే. తాతల కాలంలోనే క్రైస్తవం పుచ్చుకున్న ఇల్లు. ఊరి బయట పుట్టి, చిన్నప్పుడు బ్రాహ్మణ వీధుల్లోంచి పోవలసి వస్తే పక్కకు తప్పుకుని నడిచిన మనిషి. ఇప్పుడు ఆవిడ మాటకు వార్డంతా లేచి కూర్చుంటుంది. మంచం అంచున ముడుచుకుని, దుప్పటి కూడా తాకకుండా కూర్చున్న నాగరత్నమ్మను చూసి ఏమీ అనలేదు. ఇలాంటి వాళ్ళను చాలామందిని చూసింది. అయితే ఇన్ని ప్రశ్నలు వేసే మనిషిని మాత్రం చూడలేదు.

"ఒళ్ళు కోస్తాంటే నాకు తెలుస్తుందా?"

"నడుములో సూది వేస్తారు. రొమ్ము కింది నుంచి కాళ్ళ దాకా మొద్దుబారిపోతాది. మీరు మేలుకొనే ఉంటారు, నొప్పి మాత్రం తెలీదు."

"మేలుకొనే ఉంటానా! అట్లయితే చూడొచ్చునా?"

"మొహానికి అడ్డం గుడ్డ కడతారమ్మా."

"అయ్యో," అంది నాగరత్నమ్మ, నిజంగానే నిరాశపడి. "కోసింది మళ్ళీ దేంతో కుడతారు? నూలుతోనా?"

సరోజమ్మకు అబద్ధం చెప్పే అలవాటు లేదు. లోపలికి పోయి ఒక గాజుగొట్టం తెచ్చి చూపించింది. అందులో లేత పసుపు రంగు దారం చుట్టగా ఉంది.

"ఇది నూలు గాదు. దీంతో లోపల కుడితే, గాయం మానినాంక దానంతటదే కరిగిపోతాది. విప్పే పని లేదు."

"అబ్బ, ఎంత తెలివి! దేంతో చేస్తారు దీన్ని?"

"గొర్రె పేగుతో."

నాగరత్నమ్మ మంచం దిగి మూట కట్టుకోవడం మొదలుపెట్టింది.

ఆచార్యులు సత్రంలో అన్నం వండుకుని క్యారియర్‌లో తెచ్చేసరికి ఆవిడ వరండాలో నిలబడి ఉంది. సంగతంతా విని ఆయన తల పట్టుకున్నాడు. "అడగకుండా ఉంటే తెలిసేదే కాదు గదే!"

"అడిగితి. తెలిసె. ఇంగ తెలీనట్టు ఎట్లుండేది?"

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గొర్రె పేగు ఒంట్లో పెట్టుకుని స్వామికి వండితే మడి ఎక్కడిది? వండకపోతే తను ఇంక దేనికి? పోనీ కుట్టించుకోకుండా పోతే మళ్ళీ అది ఎప్పుడు బిగుసుకుంటుందో, ఏ గుండిగ దగ్గర కూలబడాలో తెలియదు. బతకాలంటే కుట్టాలి. కుడితే ఆ పొయ్యి పోతుంది.

డాక్టరు జయరాజు మద్రాసులో చదివి వచ్చిన చిన్నవాడు. వార్డులో అందరూ ముసిముసిగా నవ్వుతున్నా ఆయన నవ్వకుండా విన్నాడు.

"నాయనా, పట్టుతో కుట్టలేవా?" అంది నాగరత్నమ్మ. "పట్టు మడికి పనికొస్తుంది. పట్టుచీర కట్టుకునే కదా పూజలు చేసేది."

"కుట్టొచ్చమ్మా. నిజం చెప్పాలంటే పొట్ట గోడకు పట్టుదారమే మేలు, అది కరగదు. మా దగ్గర ఉండేది అయిపోయింది. మద్రాసు నుంచి ఎప్పుడొస్తాదో చెప్పలేను."

"ప్రొద్దుటూరులో దొరకని పట్టా!"

రంగు వేయనిది, గట్టిగా పురి పెట్టినది తెస్తే మరిగించి వాడతానని, వేరే దారమేదీ వాడనని డాక్టరు మాటిచ్చాడు.

పక్కన నిలబడ్డ సరోజమ్మ ఊరుకోలేకపోయింది. "పట్టు మాత్రం యాడిది అమ్మా? పురుగుల్ని వేణ్ణీళ్ళలో ఉడకబెట్టి తీసేదే గదా?"

"అది వేరే," అంది నాగరత్నమ్మ.

"ఎట్ల వేరే?"

ప్రశ్నలు వేయడమే గానీ వేయించుకోవడం నాగరత్నమ్మకు అలవాటు లేదు.

మర్నాడే ఆచార్యులు ప్రొద్దుటూరు వెళ్ళి, నేతగాళ్ళకు దారాలమ్మే అమీర్ బాషా అంగడి మెట్లెక్కాడు. పిలకా నామాలతో వచ్చిన మనిషిని చూసి, దేవుడి వస్త్రానికేమో అనుకుని బాషా మంచి మంచి కండెలన్నీ ముందు పరిచాడు.

"దేనికి సామీ, పీతాంబరానికా?"

"మా ఇంటామె కడుపు కుట్టడానికి."

అమీర్ బాషా చేతిలో కండె చేతిలోనే ఉండిపోయింది. సంగతంతా విన్నాక పరిచినవన్నీ పక్కకు నెట్టి, లోపలికి పోయి ఇంకో కండె తెచ్చాడు. దారం కొస రెండు చేతులకూ చుట్టుకుని బలం కొద్దీ లాగి చూపించాడు. "ఇది తెగదు సామీ. తెగితే నా పేరు మార్చుకుంటా. అక్కయ్యకు ఏం కాదని చెప్పండి," అన్నాడు.

ఆపరేషన్ నాడు గుటకెడు నీళ్ళు కూడా తాగకూడదని సరోజమ్మ చెబితే, "అదొక లెక్కా!" అంది నాగరత్నమ్మ. ఏకాదశులన్నీ చేసిన మనిషి. నర్సులు ఒళ్ళు కడిగి, ఉతికిన గుడ్డ కట్టి, బల్ల మీద పడుకోబెట్టారు. ఆవిడ భయపడడం మాని చుట్టూ చూడసాగింది. మూల గిన్నెల్లో కత్తులు, కత్తెర్లు ఉడుకుతున్నాయి. పక్కనే చిన్న గిన్నెలో తన ప్రొద్దుటూరు పట్టు కూడా ఉడుకుతోంది. సరోజమ్మ కుళాయి దగ్గర నిలబడి చేతులు కడుక్కుంటోంది. వేళ్ళు, వేళ్ళ సందులు, గోళ్ళ కింద, అక్కడినుంచి మోచేతుల దాకా. బ్రష్షుతో రుద్దుతుంది, కడుగుతుంది, మళ్ళీ మొదటినుంచి రుద్దుతుంది. కడిగిన చేతులు పైకెత్తి పట్టుకుని, తలుపును భుజంతో తోసుకుని, గోడకు గానీ మనిషికి గానీ తగలకుండా ఒదిగి ఒదిగి నడిచి వచ్చింది.

నాగరత్నమ్మకు ఒక్కసారిగా సంతోషం పొంగుకొచ్చింది. ఇదంతా తనకు తెలిసిన పనే! తను పొద్దున్నే వంటింటిలోకి నడిచే నడకే!

"సరోజమ్మా! ఇది మడి కదమ్మా!" అంటూ ఆవిడ చెయ్యి పట్టుకోబోయింది.

"ముట్టుకోవద్దు!" అని సరోజమ్మ గట్టిగా అరిచి వెనక్కి జరిగింది.

నాగరత్నమ్మ చెయ్యి గాలిలో ఆగిపోయింది. ఆ మాట ఆవిడ తన జన్మలో ఎన్నిసార్లు అందో లెక్కే లేదు. వాకిలి చిమ్మే మనిషిని అంది. పాలు పోయడానికొచ్చే మాబున్నిని అంది. ఆకలేసి కొంగు పట్టుకోబోయిన సొంత పిల్లల్ని కూడా అంది. విన్నది మాత్రం ఇదే మొదలు. మనసు చివుక్కుమంది. పరాయివాళ్ళ ముందు చెంపదెబ్బ తిన్నంత సిగ్గేసింది.

ఆవిడ మొహం చూసి సరోజమ్మ గొంతు తగ్గించింది. "తప్పుగా అనుకోవద్దమ్మా. ఇప్పుడు నా చేతికి ఏదన్నా అంటితే అది మీ కడుపులోకి పోతాది, చీము పడతాది. మీరు బతకాలని నేను కడుక్కుంటా. మీరు కడుక్కునేది దేనికో నాకు తెలీదు గానీ."

వెక్కిరింపుగా అనలేదు. తెలియదు కాబట్టి తెలియదంది. నాగరత్నమ్మకు ఆ సంగతి అర్థమయ్యే ఇంకా ఇబ్బందిగా అనిపించింది.

నడుములో సూది పడింది. కాళ్ళు తనవి కానట్టు బరువెక్కాయి. మొహానికి అడ్డంగా తెల్లగుడ్డ కట్టారు. ఆ గుడ్డకు అవతల డాక్టరు, సరోజమ్మ. ఇవతల నాగరత్నమ్మ, ఆవిడ ప్రశ్నలు.

"కోసినారా నాయనా?"

"కోసినామమ్మా."

"పేగు కనపడతాందా? ఏం రంగు?"

"లేత గులాబీ రంగు. శానా బాగుంది. లోపలికి పంపిస్తాండాను."

"చిల్లు ఎంత ఉంది?"

"రూపాయి బిళ్ళంత. కింది అంచు మీదికి పై అంచు లాగి, మడతేసి కుడతా. ఒంటి పొర గాకుండా రెండు పొరలైతాది. బొడ్డు గూడా ఉంచుతాలే."

నాగరత్నమ్మ తృప్తిగా కళ్ళు మూసుకుంది. ఇంతలో అవతల మాటలు ఆగిపోయాయి. చేతులు గబగబా కదులుతున్న చప్పుడు. తర్వాత డాక్టరు గొంతు, ఈసారి నెమ్మదిగా.

"అమ్మా, ఒక మాట. లోపల సన్న నరం ఒకటి తెగి నెత్తురు కారతాంది. దాన్ని ముడేయాల. మీ పట్టుదారం దానికి లావైతాది, జారిపోతాది. పేగుదారమైతేనే నిలబడేది. వేరే ఏదీ వాడనని మీకు మాటిచ్చినా కాబట్టి అడుగుతాండా. ఇప్పటికి ఒత్తిపట్టి ఉండాను, శానాసేపు పట్టుకోలేను."

తెల్లగుడ్డ మీద ఆవిడ చూపు నిలిచిపోయింది. తన పొయ్యి, తన గుండిగ, శనివారం నాడు వేముల బండ్లు, అన్నీ కళ్ళ ముందుకొచ్చాయి. ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనూ ప్రశ్నే వచ్చింది.

"అది ఎన్నాళ్ళుంటుంది లోపల?"

"కొన్ని వారాలు. తర్వాత కరిగిపోతాది."

"కరిగి ఏమైతుంది?"

"ఏమీ గాదు. మీ ఒంట్లో కలిసి మీరే అయిపోతాది."

"సరోజమ్మా, నువ్వైతే ఏం చేస్తావు?" అంది నాగరత్నమ్మ.

గుడ్డకు అవతలినుంచి సరోజమ్మ వెంటనే చెప్పింది. "నేనైతే ప్రాణంతో ఇంటికి పోయి, మళ్ళీ పొంగలి వండాలనుకుంటా."

"ముడెయ్యి నాయనా," అంది నాగరత్నమ్మ.

గాయం చక్కగా మానింది. చీము పట్టలేదు, పట్టు తెగలేదు. ఇంటికొచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని భర్తకు పేగుదారం సంగతి చెప్పింది. ఆయన ముందూ వెనకా సీట్లలో ఎవరున్నారో చూసి, "ఎవరికీ చెప్పొద్దులే," అన్నాడు.

చెప్పకుండా ఉండొచ్చు. పట్టుదారం కథ అప్పటికే పులివెందుల అంతా పాకిపోయింది, ఆవిడను చూడడానికి తేరు చూడ్డానికొచ్చినట్టు జనం వచ్చారు. "అంతా పట్టేనా నాగరత్నమ్మా?" అని రుక్మిణమ్మ అందరి ఎదుటా నోరారా అడిగింది కూడా. అవునంటే సరిపోయేది. కానీ పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి కనబడ్డవాళ్ళనల్లా నిలబెట్టి నిజం రాబట్టిన మనిషికి, తనదాకా వచ్చేసరికి అబద్ధం నోట రాలేదు.

"అంతా పట్టే. ఒక్క ముడి మాత్రం గొర్రె పేగు," అంది.

రుక్మిణమ్మ అడుగు వెనక్కి వేసింది. కబురు ధర్మకర్త బాలసుబ్బయ్యకు చేరింది. ఆయన తాలూకా కచేరీలో గుమాస్తాగా చేసి మానుకున్నాడు, ఏ పనైనా తేల్చకుండా వాయిదా వేయడంలో దిట్ట. వచ్చి అరుగు మీద కూర్చుని అంతా విచారించి తీర్పు చెప్పాడు. "అది కరిగిందాకా నాగరత్నమ్మ నైవేద్యం పొయ్యి దగ్గరికి రాకూడదు. కరిగినాంక చూస్తాం."

"కరిగిందని ఎట్ల తెలిసేది?" అన్నాడు ఆచార్యులు.

బాలసుబ్బయ్య చూసిన కచేరీ కాగితాల్లో ఆ సంగతి లేదు. శాస్త్రంలోనూ లేదు. చివరికి అందరూ కలిసి తేల్చిందేమంటే, అప్పుడప్పుడు మందులిచ్చేందుకు ఊళ్ళు తిరిగే మిషన్ బండి పులివెందులకు వచ్చినప్పుడు ఆ నర్సమ్మనే అడగాలి. తన మడి ఉందో పోయిందో సరోజమ్మ చెప్పాలన్న మాట! నాగరత్నమ్మకు నవ్వొచ్చింది గానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. రోజూ పొద్దున రుక్మిణమ్మ వంటింట్లోంచి మాడువాసన వచ్చేది. వేముల బండ్లు పలచబడ్డాయి. నాగరత్నమ్మ గడప దగ్గర కూర్చుని ఖాళీ చేతులను చూసుకునేది. మనిషికి పొట్టలో నొప్పి పోయి గుండెల్లోకి వచ్చింది.

ఉగాది దగ్గరపడుతుండగా ఒక శనివారం పొద్దున బండి వచ్చింది. సరోజమ్మ వీధిలోకి వచ్చి, అరుగుకు దూరంగా ఎండలోనే నిలబడింది. చిన్నప్పటి అలవాటు కాళ్ళకు ఇంకా పోలేదు. బాలసుబ్బయ్య, రుక్మిణమ్మ, ఇంకా వీధిలో వాళ్ళు చేరారు. ఆచార్యులు గుడి తాళాలు చేత పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమ్మా, ఆ పేగుదారం కరిగినట్టేనా?" అన్నాడు బాలసుబ్బయ్య.

"ఎప్పుడో కరిగింటాది. అది చూడాల్సిన పనే లేదు," అంది సరోజమ్మ. "కుట్టు గట్టిగా ఉందో లేదో మాత్రం చెయ్యి పెట్టి చూడాల. చూడకుండా గుండిగ ఎత్తనీను."

నాగరత్నమ్మ మెట్లు దిగి ఆవిడ ముందుకు వచ్చి నిలబడింది. సరోజమ్మ చీర మీంచే పొట్ట మీద అరచెయ్యి ఆనించి, "దగ్గమ్మా," అంది. దగ్గింది. "ఇంకా గట్టిగా." వీధి మారుమోగేలా దగ్గింది. చేతి కింద ఏమీ కదలలేదు.

"రాయిలాగుంది. పోయి వండుకో అమ్మా," అంది సరోజమ్మ, మొహమంతా నవ్వుతో. 'మీరు' నుంచి 'నువ్వు'కు ఎప్పుడు దిగిందో ఆవిడకే తెలియదు.

"మంచిది, మంచిది," అన్నాడు బాలసుబ్బయ్య. "ఇంగనేం నాగరత్నమ్మా, ఈమె ముట్టింది గదా, పోయి తలకు పోసుకుని మడి కట్టుకో. ఈ పూటే మొదలుపెడుదువు."

నాగరత్నమ్మ ఆయన వైపు తిరిగింది.

"ఎందుకు?"

"ఎందుకేంది?"

"తెలీకనే అడుగుతాండా. ఈ చేతులు నా కడుపు లోపల పనిచేసినాయి. పేగులు ముట్టుకున్నాయి. ప్రాణం పోకుండా పట్టుకున్నాయి. లోపల ముట్టుకున్నప్పుడు చెడిపోని దాన్ని, పైన చీర మీద ముట్టుకుంటే చెడిపోతినా? ఎట్ల చెడిపోతి?"

వీధిలో ఇన్నేళ్ళుగా అన్నిటినీ ఎందుకని అడిగిన మనిషి, ఇది ఒక్కటే ఇంతవరకు అడగలేదు. అడిగాక చూస్తే, జవాబు ఆవిడ దగ్గరా లేదు, వాళ్ళ దగ్గరా లేదు. బాలసుబ్బయ్య గొంతు సవరించుకుని ఆచార్యుల వైపు చూశాడు. అందరూ ఆయన వైపే చూశారు.

"ఊఁ," అన్నాడు ఆచార్యులు అలవాటుగా. తర్వాత తాళాలు బొడ్లో దోపుకుని, "పొయ్యి రాజేయి రత్నా. స్వామికి పొద్దెక్కుతాంది," అన్నాడు.

నాగరత్నమ్మ నీళ్ళ గోళెం దగ్గరికి పోయింది. తలకు పోసుకోలేదు. కుంకుడు రసం, కొబ్బరిపీచు తీసుకుని వేళ్ళు, వేళ్ళ సందులు, గోళ్ళ కింద, మోచేతుల దాకా రుద్ది కడిగింది. మళ్ళీ మొదటినుంచి రుద్దింది. చేతులు పైకెత్తి పట్టుకుని, వంటింటి తలుపును భుజంతో తోసుకుని లోపలికి పోయింది. పెసరపప్పు వేగుతున్న వాసన వీధిలోకి వచ్చేదాకా జనం కదలలేదు. పొంగలి అయ్యాక ఆచార్యులు గుండిగ నెత్తిన పెట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా గుడికి నడిచాడు. కాస్త ఆగి రుక్మిణమ్మ కదిలింది. ఆ తర్వాత బాలసుబ్బయ్య కూడా.

హారతి కాగానే ప్రసాదం తీసుకుని అందరికంటే ముందు ఇంటికొచ్చి, నాగరత్నమ్మ సరోజమ్మను అరుగు మీద కూర్చోబెట్టింది. ఆకులో ప్రసాదం పెట్టి ఆవిడ ముందుంచింది. సరోజమ్మ చెయ్యి చాపబోయి ఆగింది.

"ఏమనుకోవద్దమ్మా. దేవునికి పెట్టింది మేం తినం."

"ఎందుకు?"

సరోజమ్మ నోరు తెరిచింది. ఎంతమంది రోగులకు ఎన్ని సంగతులు విడమర్చి చెప్పిందో గానీ, దీనికి మాత్రం వెంటనే ఏమీ తోచలేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నవ్వాపుకోవడం వాళ్ళ తరం కాలేదు.

"పోనీలే, మజ్జిగ స్వామికి పెట్టలేదు. అది తాగు," అని నాగరత్నమ్మ ఇంట్లో వాడుకునే ఇత్తడి గ్లాసులోనే తెచ్చి ఇచ్చింది. సరోజమ్మ సగం తాగి గ్లాసు దించింది.

"ఉప్పు తక్కువైందమ్మా."

ప్రసాదానికి ఎవరూ వంక పెట్టరు. ఇంట్లో వంటకు ఆచార్యులు ఊఁ అనడమే గానీ ఇంకో మాట అనడు. తన చేతి ఉప్పు గురించి ఇంతవరకు నిజం చెప్పిన మనిషి లేదు. నాగరత్నమ్మకు ఇంక ఆగలేదు. సరోజమ్మ చేతిలోంచి గ్లాసు అందుకుని, ఎత్తి పోసుకోవడం కూడా మరిచి, అంచుకు నోరానించి ఒక గుటక తాగింది.

గుడినుంచి వస్తున్న వాళ్ళంతా వీధి మధ్యలో నిలబడిపోయారు.

"నిజమేనే, తక్కువైంది," అని నాగరత్నమ్మ ఉప్పు తేవడానికి లోపలికి పోయింది.